ఒకే కప్పు, నాలుగు గుమ్మాలు

మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక పాత సినిమాహాలు ఫొటో పెట్టారు. గోడల మీద నాచు, ముఖద్వారం పైన సగం ఊడిపోయిన అక్షరాలు, బుకింగు కన్నాల ముందు తుప్పుపట్టిన ఇనప కమ్ములు. మా శ్రీకాకుళం హాలు కాదది, ఏ ఊరిదైనా కావచ్చు. కింద ఇలా రాసుంది: "బీదా గొప్పా, కులం గిలం తేడా లేకుండా అందరం ఒకే కప్పు కింద కూర్చున్న రోజులు మళ్ళీ రావు." ఇక వరసగా దండాలు, కన్నీటి బొమ్మలు, "నిజం వదినా", "ఆ రోజులే వేరు పిన్నీ". హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు, ఆ రోజులు చూడనే చూడనివాడు, వాడు కూడా "మిస్సయిపోయాం" అని రాశాడు.

నాకు ఆ వాక్యం గుచ్చుకుంది. సినిమాహాళ్ళంటే ఇష్టం లేక కాదు. మా ఊళ్ళో ఆటో ఎక్కి సూర్యమహల్ జంక్షన్ అనో, రామలక్ష్మణ జంక్షన్ అనో చెబితే చాలు, ఇంకో గుర్తు అడగరు. రెండూ సినిమాహాళ్ళ పేర్లే. నాయకుల పేర్లు పెట్టినా జనం నోట నిలవని కూడళ్ళున్న రాష్ట్రంలో హాళ్ళ పేర్లు ఇలా నిలిచాయంటే, ఆ కట్టడాలు ఊరి బతుకులో ఎంత లోతుగా దిగాయో తెలుస్తుంది. అందుకే వాటి గురించి అబద్ధం చెప్పుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఆ హాళ్ళు మనల్ని కలిపి కూర్చోబెట్టలేదు. టికెట్టు రేటు ప్రకారం విడదీసి, గోడలు కట్టి, వేరువేరు గుమ్మాల్లోంచి లోపలికి పంపాయి. అయినా వాటి చరిత్రలో నిజంగా గొప్ప సంగతి ఒకటుంది. జేబులో చిల్లర మాత్రమే ఉన్న మనిషికి ఊరి నడిబొడ్డున మూడు గంటలపాటు చోటు దొరికేది. ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరి దయా అక్కర్లేదు. ఆ చోటు పేరు నేల, తెర ముందు గచ్చు మీద కూర్చునే చవక తరగతి. పోయింది అది. ఫొటోలు పెట్టుకుని మనం తలుచుకుంటున్నది మాత్రం బాల్కనీని.

నేలకి దారి వేరు

నా చిన్నప్పుడు చూసిన హాళ్ళన్నిటికీ దాదాపు ఒకే కట్టుబడి. రోడ్డు వైపు పోర్టికో, నాలుగు మెట్లు, అద్దాల పెట్టెల్లో సినిమా ఫొటోలు, పక్కనించి బాల్కనీకి మెట్లు. కుర్చీవాళ్ళూ బాల్కనీవాళ్ళూ అటు నించి వెళ్ళేవారు. నేలకి పక్క సందులోంచి వెళ్ళాలి. అక్కడ మనిషి పట్టేటంత వెడల్పున రెండు గోడలు, వాటి చివర చెయ్యి మాత్రమే దూరే కన్నం. చిల్లర పట్టుకున్న పిడికిలి అందులో దూర్చాలి. లోపలి మనిషి వేళ్ళు విప్పి డబ్బులు తీసుకుని, పల్చటి రంగు కాయితం ముక్క అరచేతిలో పెట్టి, చెయ్యి బయటికి తోసేవాడు. టికెట్టిచ్చేవాడి మొహం నేలవాళ్ళు చూసేది లేదు, వాళ్ళ మొహం అతను చూసేది లేదు.

లోపల కూడా అంతే. తెర ముందు నేల, దాని వెనక నడుమెత్తు గోడ, ఆ వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ, పైన బాల్కనీ. ఇంటర్వెల్లో నేలవాళ్ళు వెళ్ళే పెరడు వేరు, దొడ్డి వేరు. ఆ పెరట్లో వేరుశనక్కాయలు, మరమరాలు. పోర్టికో వైపు గోలీసోడాలు, బిస్కట్లు. ఒక సినిమా చూసి బయటికొచ్చిన రెండు రకాల మనుషులు రోడ్డు మీదకి వచ్చేదాకా ఒకరికొకరు ఎదురుపడకుండా కట్టిన కట్టడం అది. అలా కట్టాలనే కట్టారు.

మా నాన్న గుమస్తా. జీతం వచ్చిన వారంలో ఇంటిల్లిపాదీ బెంచీకి వెళ్ళేవాళ్ళం. మిగతా రోజుల్లో అమ్మ వీధిలో ఆడవాళ్ళతో కలిసి నేలకి వెళ్ళేది, కొంగు పట్టుకుని నేనూ. ఒకసారి నాన్నగారి ఆఫీసరు ఇంట్లోవాళ్ళు వాళ్ళ పిల్లలతో పాటు నన్నూ బాల్కనీకి తీసుకెళ్ళారు. అంతకు ముందువారమే నేను నేలలో కూర్చున్న హాలది. పైనించి చూస్తే గుర్తుపట్టలేకపోయాను. ఇంటర్వెల్లో దీపాలు వెలిగాక కిందికి తొంగిచూస్తే మా వీధి అప్ప కనిపించింది. పొద్దున్న చేపల గంప దించి, మధ్యాహ్నం సినిమాకి వచ్చేది ఆమె. తలెత్తి నన్ను చూసింది. నేను చెయ్యి ఊపాను. ఆమె ఊపలేదు, మొహం తిప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు కుళాయి దగ్గర తనే పిలిచి, "నువ్వు ఆల్లతో కూకున్నావు కదే గుంటా. నాను సెయ్యూపితే ఆల్ల ముందర నీకు బాగుంటాదేటి?" అంది.

ఒకే కప్పు కింద కూర్చున్నామని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ ఊపని చెయ్యే గుర్తొస్తుంది. కప్పు ఒకటే. కప్పు కింద ఎవరు ఎవరిని పలకరించవచ్చో అప్ప వయసు మనిషికి బాగా తెలుసు.

ముందు వరస ఎవరిది

అలాగని హాలుని తిట్టిపోసి ఊరుకోవడం కూడా నావల్ల కాదు. నాటకాల రోజులతో పోలిస్తే సినిమాహాలు ఒక పెద్ద మార్పు తెచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం నాటకాల పిచ్చి ఉన్న ఊళ్ళు. నాటకానికి ముందు వరస పెద్దమనుషులది. కుర్చీలు, సోఫాలు వాళ్ళకి. డబ్బు తక్కువున్నవాడు వెనక నిలబడి, మెడలు సాచి, వినపడీ వినపడని పద్యం వినాలి. సినిమాలో ఇది తలకిందులైంది. తెరకి దగ్గరగా కూర్చుంటే కళ్ళు నొప్పి, మెడ నొప్పి. అందుకే దూరం ఖరీదైంది, దగ్గర చవకైంది. బీదవాడికి ముందు వరస దొరికింది.

దీని ఫలితం చిన్నది కాదు. ఈలలు, చిత్తుకాయితాల ముక్కలు, తెర మీదికి విసిరిన చిల్లర, అన్నీ ముందునించే. బాల్కనీలో కూర్చున్నవాడు నవ్వాలో వద్దో కూడా ముందువరస నవ్వు విని తేల్చుకునేవాడు. హీరో మొదటిసారి కనిపించే చోట, పాట మొదలయ్యే చోట నేల ఎలా స్పందిస్తుందన్నది సినిమా తీసేవాళ్ళు లెక్కలో పెట్టుకున్నారు. డిస్ట్రిబ్యూటరు తరఫున లెక్క చూడటానికి వచ్చే రిప్రజెంటేటివు కూడా కలెక్షను కాయితం కన్నా ముందు నేల వైపు చూసేవాడని, గేటు దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన ఒకాయన నాకు చెప్పాడు. ఆయనిప్పుడు అరసవల్లి వెళ్ళే దారిలో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. నేను బాబాయ్ అంటాను. "బాల్కనీ ఓ వారం వొస్తాదమ్మా. ఆ తర్వాత బొమ్మని నడిపించీవోలు నేలోలే" అన్నాడు.

హాళ్ళ చరిత్ర చెప్పేటప్పుడు మనం ఈ మనుషుల్ని వదిలేస్తాం. రఘుపతి వెంకయ్య 1914లో మద్రాసులో గెయిటీ కట్టడంతో మొదలుపెడతాం. 1921లో బెజవాడలో మారుతి, 1932లో మాటలు రావడం, తర్వాత రంగులు, డీటీఎస్సు శబ్దం, రీళ్ళు అక్కర్లేని క్యూబు ప్రొజెక్షను. కట్టినవాళ్ళ పేర్లుంటాయి, యంత్రాల పేర్లుంటాయి. మా జిల్లా గురించయితే లుకలాం అగ్రహారం నుంచి జె.వి.సోమయాజులు, ఆమదాలవలస నుంచి శరత్‌బాబు సినిమాల్లోకి వెళ్ళారని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ తెర ముందు సిమెంటు గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాళ్ళు ఆ చరిత్రలో ఎక్కడా ఉండరు. వాళ్ళ డబ్బుతోనే ఇదంతా నడిచింది.

చట్టం కూడా హాలుని నిప్పు భయంతో చూసింది తప్ప, వాళ్ళని పట్టించుకోలేదు. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఎక్కడా బొమ్మ ఆడించకూడదు. అప్పటి ఫిల్ము నైట్రేటుది, అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. అందుకే ఆపరేటరు గదికి దళసరి గోడలు, చిన్న కన్నాలు, వాటికి మూతలు, బయట ఇసక నింపిన ఎర్ర బకెట్లు. పాత హాలుకి వెళ్ళి చూస్తే ఆపరేటరు గది చిన్న కోటలా కనపడేది అందుకే. ఎన్ని తలుపులుండాలి, అవి ఎటు తెరుచుకోవాలి, ఇవన్నీ నియమాల్లోకి ఎక్కాయి. అది అవసరమే. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమాహాల్లో 59 మంది పొగకి ఊపిరాడక చనిపోయిన తర్వాత ఆ నియమాల్ని చాదస్తం అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. కానీ నేలవాళ్ళ సందు ఎంత ఇరుకో, వాళ్ళకి తాగడానికి నీళ్ళున్నాయో లేదో నేను చూసిన హాళ్ళలో ఎవరూ పట్టించుకోలేదు. హాలుకి లైసెన్సుంటే చాలు, నేలకి మర్యాద ఉండాలని ఎవరూ అడగలేదు.

చుండూరుని మరిచిపోయి ఎలా?

"కులం గిలం తేడా లేకుండా" అన్న ముక్క దగ్గర నాకు కోపం కూడా వచ్చింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. దానికి ముందు నెలలో గొడవ రాజుకున్నది సినిమాహాల్లోనే. దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న అగ్రకులం అబ్బాయికి తగిలిందన్నది మొదటి తగాదా. కొన్నేళ్ళుగా మరుగుతున్న పగలు వెనకుండే ఉంటాయి, ఒక్క కాలు తగలడంతో ఊచకోతలు జరగవు. కానీ ఆ పగలు బయటపడటానికి సినిమాహాలే దొరకడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఊళ్ళో ఎక్కడా పక్కపక్కన కూర్చోనివ్వని మనుషులు అక్కడ టికెట్టు కొనుక్కుని వచ్చి, ఒకరి వెనక ఒకరు కూర్చుంటున్నారు. అది ఓర్చుకోలేనివాళ్ళున్నారు.

ఈ సంగతి బాబాయ్ దగ్గర ఎత్తితే ఆయన ఒప్పుకోలేదు. చాలాసేపు వాదించాడు. "మీరు సదూకున్నోలు, ఏటేటో సెప్తారు. మా ఊళ్ళో నీలాటిరేవు కాడ మమ్మల్ని ఆమడదూరం నిలబెట్టీవోలు. హోటల్లో గలాసు వేరే. హాలు కాడ ఎవుడూ కులం అడగలేదమ్మా, సిల్లరే అడిగినారు. నాను గేటు కాడ నిలబడి మా ఊరి నాయుడుగారి కొడుకు టికెట్టు సింపినాను. ఆ సంగతి నీకు సిన్నదిలా కనపడతాదేటి?"

చిన్నది కాదు. నాకు ఆయన మాటకి జవాబు లేదు. ఊళ్ళో చెరువు, గుడి, హోటలు, ఒక్కో చోటా ఒక్కో కట్టడి ఉన్న రోజుల్లో, చిల్లర ఇచ్చి టికెట్టు తీసుకుంటే గేటు తెరుచుకునే చోటు అది ఒక్కటే అయితే, దాని విలువ నాకన్నా ఆయనకే బాగా తెలుసు. అయితే ఆయన చెప్పిందీ నేను చెబుతున్నదీ ఒకదానికొకటి అడ్డం కావనిపిస్తుంది. ఆయన పొందినది కలిసి కూర్చోవడం వల్ల వచ్చిన సమానత్వం కాదు. డబ్బు కట్టి తీసుకున్న చోటు మీద హక్కు. గొడవపడి అయినా నిలబెట్టుకోగల హక్కు. చుండూరులో ఆ కుర్రవాడు కూర్చున్నదీ అలాంటి చోటులోనే.

కోర్టు వాయిదా, ఆసుపత్రి చీటీ, మ్యాట్నీ

1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడిన దగ్గర్నించీ మా ఊరికి రోజూ బయటి ఊళ్ళ జనం పనిమీద వస్తూనే ఉన్నారు. కలెక్టరాఫీసు, కోర్టులు, పెద్దాసుపత్రి, చదువుల ఆఫీసులు. పాతపట్నం వైపు నుంచి, హిరమండలం, పాలకొండ వైపు నుంచి, సముద్రపు ఒడ్డు ఊళ్ళ నుంచి పొద్దున్న మొదటి బస్సుకి వచ్చేవారు. కోర్టులో వాయిదా పదకొండుకే పడిపోతుంది. ఆసుపత్రిలో రిపోర్టు సాయంత్రం ఇస్తామంటారు. ఊరికి బస్సు అయిదింటికి. మధ్యలో ఆ మనిషి ఎక్కడుండాలి? హోటల్లో కూర్చుంటే టీ అయిపోగానే లేపేస్తారు. చెట్టు కింద ఎండ. బస్టాండులో చోటుండదు.

నేల టికెట్టు కొనుక్కుని మ్యాట్నీకి వెళ్ళేవాడు. నీడ, ఫ్యాను, మూడు గంటలు. సినిమా నచ్చితే లాభం, నచ్చకపోతే నిద్ర. మ్యాట్నీ నేలలో నిద్రపోతున్న మనుషుల్ని నేను చాలామందిని చూశాను, తల కింద కోర్టు కాయితాల సంచీ, పక్కన ఆసుపత్రి సీసా. వాళ్ళని ఎవరూ లేపేవారు కాదు. చదువుకున్నవాళ్ళు సినిమాహాలు అంటే కలల లోకం అని రాస్తారు. మా జిల్లా కేంద్రంలో అది చాలామందికి ఊళ్ళో కూర్చోవడానికి దొరికే ఒకే ఒక్క చోటు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా ఉంది. వాళ్ళకి వేరే కన్నం, వేరే వైపు కూర్చోబెట్టడం. ఆ కన్నం దగ్గర వరస పొట్టిగా ఉండేది కాబట్టి కొత్త సినిమా రోజున కుర్రాళ్ళు వచ్చి "అమ్మా, రెండు టికెట్లు తీసిపెట్టవా" అని బతిమాలేవారు. మా వీధిలో ఒక మామ్మ ఉండేది, భర్త పోయి, పిల్లలు దూరంగా వెళ్ళిపోయి. కొత్త సినిమా పడ్డ రోజు ఆమె పొద్దున్నే తలంటుకుని హాలు దగ్గరికి బయలుదేరేది. కుర్రాళ్ళకి టికెట్లు తీసిపెట్టి, టికెట్టుకింత అని పుచ్చుకునేది. సాయంత్రానికి ఇంటికి ఉప్పూ పప్పూ వచ్చేవి. ఆమె సినిమాలు పెద్దగా చూసేది కాదు, దేవుడి సినిమాలయితే తప్ప. గేటు దగ్గర నిలబడి నల్లబజారు చేసే మగవాళ్ళని పోలీసులు తరిమేవారు. మామ్మని ఏమీ అనేవారు కాదు.

మా అమ్మకి వారంలో ఇంటి గుమ్మం దాటి, సంతకో గుడికో కాకుండా, తనకోసం తాను వెళ్ళే చోటు నేల ఒక్కటే. దీన్ని అందంగా చెప్పడం నాకు ఇష్టం లేదు. నేలంతా బీడీ పొగ, ఉమ్ములు, వేరుశనగ తొక్కలు. వాన పడితే రేకుల కప్పు మీద చప్పుడుకి మాటలు వినపడవు. ఆట వదిలాక సందులో జనం ఒక్కసారిగా పడేవారు, ఆ తోపులాటలో చేతులు ఎక్కడెక్కడో తగిలేవి. అమ్మ జాకెట్టుకి పెద్ద పిన్నీసు ఒకటి పెట్టుకునేది. "శుభం" పడబోతుండగా దాన్ని తీసి గుప్పిట్లో పట్టుకునేది, సూది బయటికి ఉండేలా. నన్ను తన ముందు నడిపించేది. ఆ పిన్నీసు ఉండగానే మళ్ళీ వారం వెళ్ళేది. అంత భరించి కూడా ఎందుకు వెళ్ళిందో ఆలోచిస్తే, ఆ మూడు గంటల విలువ ఎంతో నాకు అర్థమవుతుంది. తలుచుకోవలసింది ఆ విలువని. సందుని కాదు.

అయిదు రూపాయల టికెట్టు

ఇక్కడ నన్ను ఆపి అడిగేవాళ్ళు ఉంటారు. చవక టికెట్టే కావాలంటే 2021లో ప్రభుత్వం ఇచ్చింది కదా, ఏమైంది? ఆ ఏప్రిల్లో వచ్చిన జీవో 35 ప్రకారం పంచాయతీల్లో ఏసీ లేని హాళ్ళలో టికెట్లు 5, 10, 15 రూపాయలు. కార్పొరేషన్లలో అలాంటి హాళ్ళకే 20, 40, 60. ఆ డిసెంబరులో తనిఖీలు మొదలయ్యాక రాష్ట్రంలో చాలాచోట్ల హాళ్ళకి తాళాలు పడ్డాయి, కొన్నిటికి అధికారులే వేశారు, కొన్నిటికి యజమానులే వేసుకున్నారు. 2022 మార్చి 7న జీవో 13 వచ్చి రేట్లు మార్చింది. అన్నిటికన్నా తక్కువ 20, ఎక్కువ 250.

అప్పుడు మా ఇంట్లో పెద్ద వాదన. మా బావగారి స్నేహితుడొకాయన ఒక చిన్న ఊళ్ళో హాలు లీజుకి తీసుకుని నడుపుతున్నాడు. కరెంటు బిల్లు, డిజిటలు ప్రొజెక్షనుకి కంపెనీకి కట్టేది, నలుగురు మనుషుల జీతం, ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి చెప్పాడు. అయిదు రూపాయలకి బాత్రూము కడిగించడం కూడా రాదన్నాడు. నేను ఆ లెక్కని కొట్టిపారేయలేకపోయాను. పాత నేల చవకగా ఉన్నది యజమానుల మంచితనం వల్ల కాదు. ఒకరినొకరు ఒరుసుకుని కూర్చునేలా గచ్చు మీద జనాన్ని కుక్కి, రోజుకి నాలుగు ఆటలు నింపగలిగారు కాబట్టి గిట్టింది. ఇప్పుడు ఒక్కో మనిషికీ చేతులానించుకునే కుర్చీ, ఏసీ. సీట్లు తగ్గాయి. జనం టీవీకీ, ఆ తర్వాత ఫోనుకీ వెళ్ళిపోయారు. ఆ పాత లెక్క ఇక కుదరదు. నేల ఉన్నది ఉన్నట్టు తిరిగి రావాలని నేను కోరుకోవడం లేదు కూడా, పైన చెప్పిన సందు గుర్తున్నంతకాలం.

ఇంకో ప్రశ్న దీనికన్నా గట్టిది. సినిమా ఫోన్లో దొరుకుతుంటే బీదవాడికి హాలు ఎందుకు? మా మేనల్లుడే అడిగాడు. సినిమా మాత్రమే కావాలంటే అక్కర్లేదు. మత్స్యకారుల ఊళ్ళ నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి వెళ్ళే మా జిల్లా కుర్రాళ్ళు పడవలో కూర్చుని ఫోన్లో చూసుకుంటున్నారు. కానీ అదే కుర్రాడు సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు కొత్త చొక్కా వేసుకుని, తల్లినీ చెల్లెల్నీ వెంటబెట్టుకుని శ్రీకాకుళం ఎందుకొస్తున్నాడు? ఊరి మధ్యలో, నలుగురిలో, తనదీ అనిపించే చోట కూర్చోవడానికి. ఫోను ఇంట్లోనే ఉంటుంది. మా అమ్మకి ఆ రోజుల్లో ఇంట్లో టీవీ ఉండి ఉంటే నేలకి వెళ్ళేది కాదని కొందరంటారు. ఆమె తర్వాత టీవీ కొనుక్కుంది. దాని ముందు కూర్చుని కూడా చేటలో బియ్యం ఏరుతూనే ఉండేది. మధ్యలో ఎవరో ఒకరు మంచినీళ్ళడిగేవారు.

కాబట్టి నా పట్టుదల రేటు కన్నా చోటు మీద. జీవో 13లో జనం పెద్దగా పట్టించుకోని ఒక ముక్క ఉంది. హాల్లో ప్రీమియం, నాన్‌ప్రీమియం అని రెండే తరగతులుండాలనీ, మొత్తం సీట్లలో పాతిక శాతం నాన్‌ప్రీమియంకి ఇవ్వాలనీ. కార్పొరేషన్లో ఏసీ లేని హాలుకి ఆ రేటు 40, ఏసీ హాలుకి 70. ఎంత అరకొరగా అయినా, ప్రతి హాల్లోనూ తక్కువ డబ్బున్నవాడికి కొంత చోటు కేటాయించి తీరాలని రాతపూర్వకంగా ఒప్పుకోవడం అది. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలలోపు టికెట్టు మీద జీఎస్టీ కూడా 12 శాతం నుంచి 5కి తగ్గింది. అంటే ఆ పాతిక శాతాన్ని నిలబెట్టడానికి కావలసిన సరంజామా కొంత ఉంది.

లేనిది ఆ సీటుకి దారి. ఈ మధ్య మా ఊళ్ళోనే ఒక హాలు దగ్గర కౌంటరు ముందు ఒక ముసలామె, పక్కన మనవడు. ఆమె చేతిలో ముడత నోట్లు. "తక్కువ టికెట్లు ఆన్‌లైన్లో అయిపోయాయి, పెద్ద టికెట్లే ఉన్నాయి" అన్నాడు లోపలి కుర్రాడు, మర్యాదగానే. ఆమెకి ఆన్‌లైన్ అంటే ఏమిటో మనవడు చెప్పబోయాడు. ఆమె వినకుండానే నోట్లు మళ్ళీ రొంటిన దోపుకుని, "పదరా" అంది. పాత రోజుల్లో అయితే చెయ్యి దూరే కన్నమైనా ఉండేది. ఇప్పుడు పోర్టికోలోంచి దర్జాగా రావచ్చు, ఎవరూ సందులోకి పొమ్మనరు, కానీ ఆ తక్కువ సీటు ముందే ఇంకెవరో ఇంట్లో కూర్చుని తీసేసుకుంటారు, మీద బుకింగు రుసుం కట్టి మరీ.

ఆ పాతిక శాతం సీట్లలో సగమైనా ఆన్‌లైన్లో పెట్టకూడదు. ఆట మొదలయ్యే ముందు కౌంటరు దగ్గర, నోట్లకీ చిల్లరకీ, వచ్చిన వరసలో ఇవ్వాలి. ఎన్ని ఉన్నాయో పోర్టికోలో బోర్డు మీద రాయాలి. ఇది యజమానులకి నష్టం తెచ్చేది కాదు, ఎలాగూ అమ్మవలసిన సీట్లే. లైసెన్సు పునరుద్ధరణకి వచ్చినప్పుడు ఎర్ర బకెట్లూ తలుపులూ చూసినట్టే దీన్నీ చూడమని జాయింటు కలెక్టరు ఆఫీసులో అర్జీ పెట్టవచ్చు.

పాత ఫొటోలు చూసి బాధపడుతున్న మా బంధువులకి ఇంకో పని కూడా చెప్పాను. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో మొదలుపెట్టిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం, మన ఊళ్ళోనే ఉంది. ఒక్కో పత్రిక వెతికి కథలు పోగేసిన ఊరు మనది. మీ ఇంట్లో పాత టికెట్టు ముక్కలు, కరపత్రాలు ఉంటే పారేయకండి. గేటు దగ్గరో, ఆపరేటరు గదిలోనో, పెరట్లో వేరుశనక్కాయల బుట్టతోనో పనిచేసినవాళ్ళు మీకు తెలిస్తే, వెళ్ళి కూర్చుని, వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే ఫోన్లో రికార్డు చెయ్యండి. ఆమదాలవలస స్టేషన్లో దిగిన రీళ్ళ పెట్టెలు మన ఊరికి ఎలా చేరేవో, ఒకే ప్రింటు రెండు హాళ్ళలో ఆడేటప్పుడు రీళ్ళు మోసుకుంటూ సైకిల్ తొక్కిందెవరో, చివరి ఆట వదిలాక నేల ఊడ్చిన ఆడమనిషికి ఏం దొరికేదో అడగండి. మా బాబాయ్ దగ్గరికి వచ్చే ఆదివారం నేను వెళుతున్నాను. ఆయన భార్య కూడా అదే హాల్లో ఊడ్చేదట, ఆ సంగతి ఆయన చివర్లో, నేను లేచి వస్తుంటే చెప్పాడు. ఈసారి ముందు ఆమెనే అడుగుతాను.